మొద్దు వేలు

ఆ ఉదయం ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు తీగల వ్యాపారి దగ్గర ఉన్న సరంజామా ఇంతే: భుజాన నమూనాల సంచి, పక్కన మేనకోడలు, ఆ పిల్ల చేతిలో అట్టపెట్టె, పెట్టెలో ఒక వేలు. నెత్తిన ఉన్న బరువు కూడా ఒకటే, అక్కకిచ్చిన మాట. ఏ పనికి బయల్దేరినా ముందు ఉన్నదీ లేనిదీ మనసులో పేర్చి చూసుకోవడం దుకాణం పెట్టిన నాటి నుంచీ అతని అలవాటు. అలా పేర్చుకుంటే భయం పోతుందని కాదు. ఎంత మేరకు భయపడాలో తేలుతుందని.

నిన్న ఆ వేలు పరువు తీసింది.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి సంకేతపు దివిటీలు, సముద్రం మీద పడవ మునుగుతుంటే ఆకాశంలోకి వదిలే ఎర్ర మంటలు. వాటి అట్టగొట్టాల్లో మందు కూరే గదిలో ఆరుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. మందు పోసి, చెక్కకడ్డీతో దట్టించి, బొటనవేలితో నొక్కి చూసేవారు. వదులుగా ఉంటే ఒక్కసారిగా భగ్గుమంటుంది. మరీ గట్టిగా ఉంటే అవసరానికి అంటుకోదు. మొన్న వానల్లో ఒక గొట్టం చేతిలోనే అంటుకుని వాళ్ళలో ఒకామెకు రెండు చేతులూ కాలాయి. గదికి తాళం పడింది. మనుషుల చేతులు ఆ గదిలోంచి బయటికొస్తేనే తాళం తీస్తానని తనిఖీ అధికారిణి అప్పుడే చెప్పింది. చేతులకు బదులు యంత్రం పెడదామంటే దానికి స్పర్శ కావాలి. స్పర్శకు కరెంటు కావాలి. కరెంటు తీగ ఆ గది గడప దాటకూడదు. చెప్పుల్లో ఇనుప మేకు ఉన్నా రానివ్వని గది అది.

అక్కడ మేనకోడలు ముందుకొచ్చింది. కరెంటుతో పని లేకుండా, వెలుగుతోనే తాకి చూసే వేలు చేస్తానంది. వెంట్రుకంత సన్నటి గాజు తీగను రెండు దువ్వెనల పళ్ళ మధ్య పెట్టింది. వేలి కొసకు ఏదైనా తగిలి నొక్కుకుంటే పళ్ళు దగ్గరపడి తీగ అలలు అలలుగా వంగుతుంది. వంగిన చోట లోపలి వెలుగు కాస్త బయటికి కారుతుంది. ఎంత కారిందో చూసి, ఎంత నొక్కుడు పడిందో మీటరు చెబుతుంది. దీపమూ మీటరూ గోడకు ఇవతలే ఉంటాయి. గోడ కన్నంలోంచి గదిలోకి వెళ్ళేది గాజు తీగ ఒక్కటే. గాజులో నిప్పురవ్వ పుట్టదు. వినడానికి బాగానే ఉంది. తీరా నిన్న తనిఖీ అధికారిణి ముందు పరీక్ష పెడితే, వదులు గొట్టానికీ రాయిలా బిగిసిన గొట్టానికీ వేలు దాదాపు ఒకే అంకె చూపించింది.

"ఇది మొద్దు వేలమ్మా," అన్నాడు మేనేజరు. వెక్కిరిస్తూ అన్నా బాగుండేది. జాలిగా అన్నాడు.

అధికారిణి ఇవాళ మధ్యాహ్నం దాకా గడువిచ్చింది. ఈలోగా వేలికి స్పర్శ రాకపోతే, మేనేజరు పైవాళ్ళ దగ్గర తెచ్చుకున్న అనుమతితో, 'మా ఇష్టంతోనే లోపలికి వెళ్తున్నాం' అని ఆడవాళ్ళు సంతకాలు పెట్టి పాత పద్ధతిలోనే పనికి కూర్చుంటారు. ఆ వరసలో మొదటి కుర్చీ వ్యాపారి అక్కది, అంటే ఈ పిల్ల తల్లిది.

"నువ్వా గదిలోకి వెళ్ళవక్కా. నేను చూసుకుంటా," అని నిన్న సాయంత్రం అతను మాటిచ్చాడు.

"చూడు మరి," అంది అక్క, కొత్త చెప్పులు కాళ్ళకు తొడిగి చూసుకుంటూ. "ఉత్త చూడ్డానికైతే నాకూ కళ్ళున్నాయి."

తాళం పడ్డ గది ముందు పొడుగాటి వసారా. గోడ పొడుగునా ఇసుక నింపిన ఎర్ర బకెట్లు, మధ్యలో ఒక చెక్క బల్ల. వ్యాపారీ మేనకోడలూ వెళ్ళేసరికి ఐదుగురు ఆడవాళ్ళు గోడకానుకుని బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆరో చోటు ఖాళీగా వదిలేశారు. చేతులు కాలినామె చోటు అది. తనిఖీ అధికారిణి కిటికీ దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఫ్యాక్టరీ వెనక ఎక్కడో చెక్కపని చప్పుడు.

మేనకోడలు పెట్టె విప్పి దువ్వెనలన్నీ బల్ల మీద పరిచింది. సన్న పళ్ళవి, వెడల్పు పళ్ళవి, ఆడవాళ్ళ సంచుల్లోంచి అడిగి తీసుకున్నవి. నిన్నటి నుంచీ ఒక్కొక్కటే మార్చి చూస్తోంది. కొసన తొడిగే రబ్బరు పలచన చేసింది, మందం చేసింది. ఏం చేసినా అంకె బద్ధకంగా ఒక చోటే పడుకుంటోంది.

"పని అయ్యాక నా దువ్వెన నాకివ్వాలమ్మాయ్," అంది బెంచీ చివర కూర్చున్నామె. ఆమెను అందరూ పెద్దగొంతు అంటారు. రహస్యం చెప్పినా గేటు దాకా వినిపిస్తుంది. "ఇంట్లో ఉన్నది అదొక్కటే. పొద్దున మా ఆయన వేళ్ళతో దువ్వుకుని పోయాడు."

మేనేజరు వ్యాపారిని పక్కకు పిలిచాడు. ఈ మేనేజరుకు ఆడవాళ్ళు పెట్టిన పేరు కొలబద్ద. మనిషి నిటారుగా ఉంటాడు, జేబులో ఎప్పుడూ ఒక స్కేలు ఉంటుంది. టీకి వెళ్ళినవాళ్ళు ఎంతసేపటికి వచ్చారో కూడా దానితోనే కొలుస్తాడని వాళ్ళ హాస్యం.

"మీరు తెలిసినవారు," అన్నాడు కొలబద్ద గొంతు తగ్గించి. "ఫ్యాక్టరీ మొత్తానికి కొత్త కేబులు వేయించబోతున్నాం. ఫోన్లు, కెమెరాలు, అన్నిటికీ. మీ దుకాణం నుంచే తీసుకుందామనుకుంటున్నాను. మీరు చేయాల్సిందల్లా, ఇది కుదిరే పని కాదని ఆవిడతో ఒక్క మాట చెప్పడమే. మీ నోటి నుంచి వస్తే అమ్మాయి కూడా వింటుంది."

వ్యాపారి గడ్డం గోక్కున్నాడు. బేరం వచ్చినప్పుడు వెంటనే కాదనడం అతని వంశంలో లేదు.

"మంచి బేరమే. కాకపోతే తూకం చూసుకోవాలి కదండీ. మీ పళ్ళెంలో కేబులు పెట్టారు. నా పళ్ళెంలో ఏం పెట్టమంటారు?"

"ఏముంది, ఒక మాట."

"మాట కాదు మేనేజరుగారూ. మా అక్క చేతులు. అవి పెడితే మీ కేబులంతా దూదిలా పైకి లేస్తుంది."

కొలబద్ద మొహం మారింది. గొంతు పెంచి, బెంచీ మీదివాళ్ళకూ అధికారిణికీ వినపడేలా అన్నాడు. "అసలు సరుకే నాసిదేమో చూసుకోండి. చవక తీగ వేస్తే వేలు మొద్దుగాక ఏమవుతుంది? సొంత మేనకోడలి దగ్గర కూడా వ్యాపారమేనా?"

వ్యాపారి ఇన్నేళ్ళలో చాలా మాటలు పడ్డాడు. గీచిగీచి బేరమాడతాడన్నారు, టీ ఇప్పించడన్నారు. అవన్నీ నిజాలే కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. సరుకు నాసిరకం అన్న మాట మాత్రం అతన్నెవరూ అనలేదు. ఒళ్ళు మండిపోయింది. సంచి విప్పి పెన్సిలు తీశాడు.

"అమ్మా, తమరూ ఇలా రండి," అన్నాడు అధికారిణితో. "నా దుకాణానికి ఎవరొచ్చినా ముందు చూపించేది ఇదే."

సంచిలోంచి రెండు తీగ ముక్కలు తీశాడు, రెండు కొసలా కనెక్టర్లు బిగించినవి. ఎర్ర లైటు పెన్నుకు మొదటిది తగిలించి, తీగను పెన్సిలు చుట్టూ బిగించి చుట్టాడు. అవతలి కొసన ఎర్ర చుక్క నిబ్బరంగా వెలుగుతోంది. పెన్సిలు మీద చుట్టిన చోట మాత్రం చీకటే.

"ఇదీ నేనిచ్చిన తీగ. దీన్నిలా మెలిపెట్టినా చుక్క వెలుగు బయటికి పోదు. నిండు కుండ తొణకదు. ఇప్పుడు ఇది చూడండి, పక్కోడి సరుకు." రెండోది చుట్టాడు. చుట్టిన మేరా తీగ ఎర్రగా వెలిగింది, పెన్సిలుకు ఉంగరాలు తొడిగినట్టు. అవతలి కొసన చుక్క నీరసించిపోయింది. "చూశారా. వంచితే చాలు, దారిపొడుగునా కార్చుకుంటూ పోతుంది. దీన్ని నేను అమ్మను, తేడా చూపించడానికి ఉంచుకున్నాను."

"ఆ పక్కోడెవడో ఇన్నేళ్ళుగా మాకెవరికీ కనపడలేదండీ," అంది అక్క బెంచీ మీది నుంచి. "రెండూ వీడి దుకాణంలోవే. అమ్ముడుపోనిదల్లా పక్కోడిది."

ఆడవాళ్ళు నవ్వారు. అధికారిణి కూడా కళ్ళజోడు సర్దుకునే నెపంతో మొహం తిప్పుకుంది. నవ్వనిది మేనకోడలు ఒక్కతే. చేతిలో దువ్వెన పట్టుకుని పెన్సిలునే చూస్తోంది.

"మామయ్యా, మళ్ళీ చుట్టు."

"ఏది, ఈ నాసిదా?"

"కాదు. మొదటిది."

చుట్టాడు. పెన్సిలు చీకటిగానే ఉంది. మేనకోడలు దగ్గరికొచ్చి వంగి, చుట్టల మీద అరచెయ్యి నీడ పట్టి మరీ చూసింది.

"వేలిలో పెట్టింది ఈ రకమేనా?"

"మరి? నీ పనికి నాసిది ఇస్తానా? దుకాణంలో ఇంతకన్నా మేలైంది లేదు. పెద్ద పెద్ద కంపెనీలడిగితేనే చుట్ట విప్పుతా. నువ్వని ఇచ్చాను."

ఆ పిల్ల బల్ల అంచు మీద కూలబడింది. ఏడుస్తోందేమోనని అక్క బెంచీ మీద నుంచి లేచింది. ఏడవడం కాదు. భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"వంగితే ఎంత వెలుగు కారుతుందో కొలవడానికి కదా మామయ్యా మనం వేలు చేసింది? ఎంత వంచినా కారని తీగ దానిలో పెట్టాం. దువ్వెనలు మార్చాను, రబ్బరు మార్చాను, నిన్న మీటరును తిట్టుకుంటూ పడుకున్నాను. తీగ జోలికి పోలేదు. మామయ్య ఇచ్చిందంటే ఇక చూడనక్కర్లేదనుకున్నాను. వంగినా నష్టం ఉండదని ఆ డబ్బా మీద రాసే ఉంది. చదివి, 'ఆహా, ఎంత మంచిదిచ్చాడు' అనుకున్నాను కూడా."

వ్యాపారి చేతిలోని రెండు తీగల్నీ మార్చి మార్చి చూశాడు. మేలురకం అని ఇచ్చినందుకు ఎవరైనా నష్టపోతారని అతని లెక్కలో ఏనాడూ లేదు. మంచి తీగ అంటే లోపలిది బయటపెట్టనిది. ఆ ఒక్క సూత్రం మీద దుకాణం నడిపాడు. ఇప్పుడు పనికి కావాల్సింది, చిన్న నొప్పికే లోపలిదంతా వెళ్ళగక్కే రకం. అతని సంచి అడుగున, ఎగతాళికి మాత్రమే బయటికి తీసే రకం.

"అయితే మనకు తొణికే కుండ కావాలంటావ్," అన్నాడు.

"ఎంత తొణికితే అంత మంచిది."

"ఇదిగో. పక్కోడికి నా తరఫున దండం పెట్టు."

పాత తీగ బయటికొచ్చింది, నాసి తీగ దువ్వెనల మధ్య కూర్చుంది. మేనకోడలు మీటరు తిప్పి, రబ్బరు కొసను చిటికెనవేలితో ముట్టుకుంది. అంకె గబుక్కున దిగింది. వేలు తీసింది. అంకె లేచింది. ఒక దూదిపింజ వదిలింది. అంకె దానికీ కదిలింది.

తరవాత ఆ పిల్ల దువ్వెనలు మార్చడం మొదలుపెట్టింది. నిన్న ఏది పెట్టినా ఒకటే అనిపించిన దువ్వెనలు ఇవాళ దేనికది వేరుగా పలుకుతున్నాయి. మరీ సన్న పళ్ళతో తీగ సరిగ్గా వంగడం లేదు. మరీ ఎడం పళ్ళతో మెల్లగా వంగి ఊరుకుంటోంది. మధ్యరకం దువ్వెన ఒకటి పెట్టేసరికి అదే నొక్కుడుకు అంకె రెట్టింపు దిగింది.

"తీగకు తగిన ఎడం ఒకటి ఉంటుంది," అందామె అధికారిణితో. "ఆ ఎడంలో పళ్ళుంటేనే వెలుగు ఎక్కువ కారుతుంది. ఈ దువ్వెన ఎవరిది?"

"నాదే," అంది పెద్దగొంతు. "ఇంక అది నాకు రాదన్నమాట."

కొలబద్ద రెండడుగులు ముందుకేశాడు. అతను అడుగేసినప్పుడల్లా మీటరులో అంకె వణికింది. ఎక్కడో తలుపు పడితే వణికింది. పెద్దగొంతు దగ్గితే ఎగిరింది.

"నిన్న మొద్దు, ఇవాళ పిచ్చి," అన్నాడతను. "నా నడక కూడా కొలుస్తోందిది. గదిలో ఎలక పరిగెత్తినా మందు బిగిసిందంటుంది. ఇంకో గంటలో మధ్యాహ్నం."

అక్క వంగి కుడికాలి చెప్పు తీసింది. మందు గదిలోకి వేసుకునే మెత్తటి రబ్బరు చెప్పు, మేకులు లేనిది, కుట్టు కూడా లేనిది. బల్ల దగ్గరికొచ్చి కూతురి చేతికిచ్చింది.

"దీని కింద పెట్టు. నేల వణుకు నా కాలికి తెలీకుండా ఉండడానికేగా ఇంత మెత్తగా చేశారు. దానికీ తెలీదు."

"అమ్మా, నిన్నే కొన్నావు కదే."

"చెప్పు పోతే చెప్పు. పెట్టు."

వేలూ, దాన్ని దించి లేపే తాడున్న చట్రమూ మొత్తం చెప్పు మీద కూర్చున్నాయి. మేనకోడలు దీపం వెలుగును రెండు పాయలు చేసి, ఒకటి వేలిలోంచి, ఒకటి నేరుగా మీటరుకు పంపింది. దీపమే మిణుకుమంటే రెండూ కలిసి తగ్గుతాయి, అప్పుడు మీటరు మోసపోదు. "ఇప్పుడు నడవండి సార్," అంది. కొలబద్ద నడవలేదు. అధికారిణే వసారా ఆ చివరి నుంచి ఈ చివరికి మడమలు నేలకేసి కొడుతూ నడిచింది. అంకె నిలబడింది.

అసలు పరీక్షకు మందు వాడలేదు. అట్టగొట్టాల్లో సుద్దపొడి పోసి, ఐదుగురు ఆడవాళ్ళు తలా కొన్ని దట్టించారు. కొన్ని వదులుగా, కొన్ని సరిగ్గా, కొన్ని బిగువుగా. ముందు కొన్ని గొట్టాలతో వేలికి ఏ అంకె ఏ బిగువో నేర్పారు. మిగతావాటిని అధికారిణి బెంచీ వెనక్కి తీసుకెళ్ళి అడుగున ఏది వదులో ఏది బిగువో గుర్తు పెట్టి, కలిపేసి తెచ్చింది. మేనకోడలు తాడు లాగితే వేలు దిగుతుంది, తాకుతుంది, లేస్తుంది. ఆమె పైకి చదువుతుంది, అధికారిణి అడుగు చూసి తలూపుతుంది. వదులు. సరి. సరి. బిగువు. వదులు.

ఒక్క గొట్టం దగ్గర వేలు సరికీ బిగువుకూ మధ్య ఆగింది.

"తప్పింది," అన్నాడు కొలబద్ద వెంటనే.

అధికారిణి గొట్టాన్ని ఆడవాళ్ళకిచ్చింది. అక్క బొటనవేలు పెట్టి సరే అంది. పెద్దగొంతు పెట్టి, కొంచెం బిగిసిందంది. ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. చివరికి ఎవరి మాట మీద వాళ్ళే ఉన్నారు.

"మనుషులు రెండు మాటలన్న చోట వేలు కూడా రెండింటి మధ్య ఆగింది," అంది అధికారిణి. "దీన్ని తప్పు అని నేను రాయలేను." కళ్ళజోడు తీసి మడిచింది. "ఆడవాళ్ళ సంతకాలు అక్కర్లేదు. ఆ గదిలోకి ఎవరి చేతులూ వెళ్ళవు."

అక్క తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని ఒకసారి తిరగేసి చూసుకుంది. అంతే. వ్యాపారి సంచి మూత బిగించే పనిలో పడ్డాడు.

కొలబద్ద మనిషి మహా గట్టివాడు. ఓడిపోయిన చోటే నిలబడి గెలుపు వెతుక్కోగలడు. మొహాన చిరునవ్వు తెచ్చుకుని అందరికీ వినపడేలా చెప్పాడు.

"చాలా సంతోషం. నాకూ ఇదే కావాలి. యంత్రమే తాకి చూస్తుంది కాబట్టి, రేపటి నుంచి కూరే గదికి మనుషులతో పనిలేదు. మీరంతా మీ సామాన్లు తీసుకోవచ్చు. అమ్మాయ్, ఆ వేలు ఇక్కడే ఉంచి వెళ్ళు. అది ఫ్యాక్టరీ కోసం చేసిందే కదా."

బెంచీ మీద గాలి నిలిచిపోయింది. మేనకోడలు తెల్లబోయి తల్లి వైపు చూసింది. చేతులు కాపాడబోయి చేతులకు పని లేకుండా చేశానా అన్న చూపు అది. వ్యాపారి మనసులో అప్పటిదాకా ఎగబాకిన పళ్ళెం టక్కున దిగింది.

అక్క లేచింది. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. ఎగుడుదిగుడుగా నడిచి బల్ల దగ్గరికెళ్ళి, సుద్దపొడి గొట్టాల్ని ఒక్కొక్కటే తన సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"అవెక్కడికి?" అన్నాడు కొలబద్ద.

"ఇంటికి."

"అవి ఫ్యాక్టరీ గొట్టాలు."

"అట్టలు మీవే, సార్. రేపు నాలుగు అట్టలు పంపిస్తాను. సుద్ద పెద్దగొంతు తెచ్చింది. లోపలి బిగువు మా ఐదుగురిది. అది మేమెవరికీ అమ్మలేదు." చివరి గొట్టం కూడా వేసి సంచి మూతి కట్టేసింది. "వేలు మీ దగ్గరే ఉంచుకోండి. దాన్ని నొక్కితే అంకె వస్తుంది. ఆ అంకె మంచిదో చెడ్డదో మీ స్కేలు పెట్టి కొలుచుకోండి."

కొలబద్ద అధికారిణి వైపు తిరిగాడు. "ఇప్పటికే నేర్పారు కదా. అంకెలు తెలుసు."

"అవి ఈ పూట అంకెలు సార్," అంది మేనకోడలు. ఆమె గొంతులోకి మళ్ళీ బలం వచ్చింది. "రబ్బరు వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. తీగ పళ్ళ మధ్య రోజురోజుకీ కాస్త సర్దుకుంటుంది. ఇంత సున్నితం చేశాక ప్రతి పొద్దునా దీనికి మళ్ళీ నేర్పాలి. చేత్తో దట్టించిన సుద్ద గొట్టాలు పెట్టి, ఇది వదులు, ఇది సరి అని చెప్పాలి. మొద్దుగా ఉన్నప్పుడు దీనికి ఎవరి అవసరమూ లేదు. స్పర్శ వచ్చింది కాబట్టే మనుషులు కావాలి."

"నేర్పేవాళ్ళెవరో, వాళ్ళ పని ఏమిటో కాగితం మీద చూపించండి, తాళం తీస్తాను," అంది అధికారిణి. "అప్పటిదాకా తాళం చెవి నా దగ్గరే ఉంటుంది."

కొలబద్ద పరిస్థితి మింగలేక కక్కలేక అన్నట్టయింది. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచారు. పెద్దగొంతు వెళ్తూ వెళ్తూ వేలి దగ్గర ఆగి, "నా దువ్వెన జాగ్రత్త," అని దానితోనే చెప్పింది.

గేటు బయట ఎండ చురుక్కుమంటోంది. గోడ నీడలో నిలబడ్డారంతా. అక్క ఒంటికాలి చెప్పుతో, వేడి నేల మీద మోపలేక కుడికాలు ఎడమకాలి మీద పెట్టుకుని నిలబడింది. వేలు లోపల ఉంది, బిగువు బయట ఉంది. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. ఇలాంటి బేరాల్లో ఎవరు ముందు కదిలితే వాళ్ళది ఓటమి అని వ్యాపారికి తెలుసు.

"ఎవరూ గేటు వైపు చూడకండి," అన్నాడు. "కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉండండి."

"ఏం కబుర్లు?"

"ఏవో ఒకటి. నన్ను తిట్టండి."

ఆ పని వాళ్ళకు తేలికే. పక్కోడి సరుకు దగ్గర మొదలుపెట్టి, అక్క పెళ్ళిలో అతను బేరమాడి తెచ్చిన బల్లల కాళ్ళు విరిగిన సంగతి దాకా వచ్చారు. అప్పుడు గేటుకున్న చిన్న తలుపు తెరుచుకుంది. కొలబద్ద బయటికొచ్చాడు, చేతిలో చెప్పుతో.

"ఇది మరిచిపోయారు," అన్నాడు.

"మా అమ్మ నడవాలి కదండీ, కింద పెట్టండి," అంది మేనకోడలు.

అతను ఒక క్షణం తటపటాయించి, వంగి చెప్పును అక్క కాలి ముందు పెట్టాడు. ఆ మనిషి నడుము వంగుతుందని ఆ ఆడవాళ్ళకు ఆ రోజే తెలిసింది.

"సరే. రోజూ పొద్దున నేర్పడానికి ఐదుగురినీ ఉంచుకుంటాను. బయటి గదిలో, సుద్దతో. కాగితం రాయిస్తాను. ఆ కాలినామెకు కూడా చోటుంటుంది. ఆ గొట్టాలిటివ్వండి. నాకు ఈ పూటకే కావాలి."

ఆడవాళ్ళ మొహాలు విచ్చుకున్నాయి. అక్క సంచి ముడి విప్పబోయింది. వ్యాపారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చేవాణ్ణి అతను చాలా అరుదుగా చూశాడు. చూసినప్పుడల్లా అవతలివాడి ఇంట్లో ఏదో తగలబడుతూ ఉండేది.

"వానల నాటి నుంచీ మూసిన గది కదండీ," అన్నాడు మెల్లగా. "రేపు తెరిస్తే ఏం? ఈ పూటే ఏం తొందర?"

"గది కాదయ్యా. సరుకు ఎక్కాల్సిన ఓడ ఎల్లుండి బయల్దేరుతుంది. వెనక షెడ్డులో వాళ్ళు ఎంత దట్టించినా..."

అక్కడ ఆగిపోయాడు. అతని వెనక చిన్న తలుపులోంచి తనిఖీ అధికారిణి అప్పుడే అడుగు బయటపెట్టింది. చేతిలో తాళం చెవి ఉంది.

"ఏ షెడ్డు, మేనేజరుగారూ?"

ఫ్యాక్టరీ వెనక నుంచి, ఇన్నాళ్ళూ చెక్కపని అనుకుని ఎవరూ పట్టించుకోని చప్పుడు వినిపిస్తోంది. చెక్కకడ్డీతో మెత్తగా, వరసగా, ఏదో దట్టిస్తున్న చప్పుడు.

వ్యాపారి మనసులో లెక్క దానంతటదే పూర్తయింది. పొద్దున తెచ్చుకున్నవాటిలో ఏదీ పోలేదు. మొద్దు వేలికి స్పర్శ వచ్చింది. ఇచ్చిన మాట నిలబడింది. చెప్పు కూడా కాలికి తిరిగొచ్చింది. అక్క రెండు చేతులూ పక్కనే, సంచి మూతి పట్టుకుని క్షేమంగా ఉన్నాయి. ఇంత లాభం అతను ఏ రోజూ ఇంటికి తీసుకెళ్ళలేదు. ఆ షెడ్డులో ఉన్న చేతులు మాత్రం, ఏ తమ్ముడి అక్కవో, ఇంకా లెక్కలోకి రాలేదు.